మీ గుబులు చాదస్తం కాదు. కానీ ఏది చూసి భయపడాలో చెప్తాను

మీరు అడిగింది ముందు క్లుప్తంగా చెప్పుకుంటాను. నేను సరిగ్గా అర్థం చేసుకున్నానో లేదో మీకూ తెలుస్తుంది. అనంతపురంలో టీచరుగా రిటైరై, ఏడాదిన్నరగా బెంగళూరు వైట్‌ఫీల్డ్‌లో కొడుకు దగ్గర ఉంటున్నారు. అపార్ట్‌మెంట్ గేటు దగ్గర ముఖం చూపిస్తేగాని తలుపు తెరుచుకోదు. బ్యాంకుకు ఫోన్ చేస్తే మనిషి దొరకడు, మిషనే మాట్లాడుతుంది. మనవడు తెలుగు హోంవర్క్ కూడా ఏఐతో రాయించేస్తున్నాడు. సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లో ఉన్న కొడుకు ఉద్యోగం ఎన్నాళ్ళుంటుందో తెలీదు. ఊళ్ళో మీ చెల్లెలికి ఎవరో అచ్చం వాళ్ళబ్బాయి గొంతుతో ఫోన్ చేసి డబ్బు అడిగారు. పైగా ఇంట్లో కుక్కర్ గురించి మాట్లాడుకుంటే ఫోన్లో కుక్కర్ల యాడ్‌లు వస్తున్నాయి. ఈ మాటలు ఎత్తితే "నీకు తెలీదులే అమ్మా" అంటున్నారు. "ఈ గుబులుకి అర్థముందా, నాది చాదస్తమా?" అన్నారు.

చాదస్తం కాదు. నేను బెంగళూరు వచ్చి ఇరవై రెండేళ్ళయింది. చివరి పదమూడేళ్ళుగా నా పనంతా ఎవరికి అప్పు ఇవ్వచ్చు, ఎవరికి ఇవ్వకూడదు అని లెక్కగట్టే ప్రోగ్రాములు తయారు చెయ్యడమే. మీరు జంకుతున్న వంటకం తయారయ్యే వంటింట్లో మనిషిని నేను. హోటల్ వంటింట్లో పనిచేసినవాళ్ళు బయట తినేముందు ఒకసారి ఆగి ఆలోచిస్తారు కదా, నాదీ అదే పరిస్థితి. అయితే మీరు మూటగట్టి అడిగిన ఈ భయాలన్నీ ఒకే బరువువి కావు. కొన్ని తేలిక. ఒకటి మాత్రం చాలా బరువు, అది మీ ప్రశ్నలో సగం వాక్యంగా ఉంది.

తేలికవి ముందు దించేస్తాను.

ఫోన్ మన మాటలు చాటుగా వింటోందన్నది నన్ను అందరూ అడిగే ప్రశ్న. 2018లో అమెరికాలోని నార్త్ ఈస్టర్న్ యూనివర్సిటీ వాళ్ళు 17 వేలకు పైగా ఆండ్రాయిడ్ యాప్‌లను పరీక్షించారు. చెప్పకుండా మైకు ఆన్ చేసి మాటలు పంపిస్తున్న యాప్ ఒక్కటీ వాళ్ళకు దొరకలేదు. కానీ స్క్రీన్ మీద మనం చేసే పనుల్ని వీడియోలా తీసి బయటికి పంపిస్తున్నవి దొరికాయి. కుక్కర్ యాడ్ రావడానికి మీ మాట వినక్కర్లేదమ్మా. మీ కోడలు అదే వైఫై మీద గాస్కెట్ కోసం వెతికి ఉంటుంది. చాలు. వినకుండానే ఇంత తెలుసుకోగలగడం ఇంకా ఇబ్బందికరం అంటే, నేను కాదనను. మైకు, లొకేషన్ అనుమతులు ఏ యాప్‌కు ఎందుకిచ్చామో సెట్టింగ్స్‌లో చూసి అక్కర్లేనివి తీసేయండి. అంతకు మించి దాని గురించి టెన్షన్ వద్దు.

మనవడి విషయం. మా నాన్న మదనపల్లెలో ఉంటారు, రిటైరైన బ్యాంకు ఉద్యోగి. పోయిన సంక్రాంతికి వెళ్ళినప్పుడు నా ఫోన్ తీసుకుని, తన చిన్నప్పటి శతక పద్యం ఒకటి మొదటి పాదం చెప్పి, మిగతా మూడూ చెప్పమని ఏఐని అడిగారు. రెండు సెకన్లలో ఇచ్చేసింది. మకుటం ఉంది, నీతి ఉంది, చూడ్డానికి పద్యంలాగే ఉంది. ఆయన వేళ్ళ మీద గణాలు లెక్కపెడుతూ రెండో పాదం దగ్గర ఆగారు. "ఆటవెలదిలో రెండో పాదం మొత్తం సూర్యగణాలే ఉండాలి గదరా, ఇంద్రగణం ఎట్లా దూరింది?" అన్నారు. అలాంటి పద్యమే లేదు. అప్పటికప్పుడు అల్లేసింది. తప్పని చెబితే క్షమాపణ చెప్పి, ఇంకో లేని పద్యం ఇచ్చింది. మా నాన్న అరగంట నవ్వారు.

ఇది ఎందుకు జరుగుతుందంటే, ఆ ప్రోగ్రాము దగ్గర పద్యాల బీరువా ఏదీ లేదు. కోట్ల పేజీలు చదివించారు. ఇప్పటిదాకా వచ్చిన మాటల తర్వాత ఏ ముక్క వస్తే బాగా అతుకుతుందో లెక్కగట్టి, ఒక్కో ముక్కా పేర్చుకుంటూ పోతుంది. అతకడం, నిజం కావడం ఒకటి కాదు కదా. ఇంగ్లీషుతో పోలిస్తే అది చదివిన తెలుగు బాగా తక్కువ, అందుకే మన దగ్గర ఇంకా ఎక్కువ తప్పుతుంది. చదువుకున్నవాళ్ళు కూడా ఇందులో పడ్డారు. 2023లో న్యూయార్క్‌లో ఇద్దరు లాయర్లు చాట్‌జీపీటీ ఇచ్చిన లేని కేసుల్ని కోర్టులో దాఖలు చేసి 5 వేల డాలర్ల జరిమానా కట్టారు. అంత దూరం ఎందుకు, 2024 డిసెంబర్‌లో ఇదే బెంగళూరులో ఆదాయపు పన్ను అప్పిలేట్ ట్రిబ్యునల్ ఇచ్చిన ఒక ఉత్తర్వులో లేని తీర్పులు ఉన్నాయని బయటపడి, ఆ ఉత్తర్వును వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది.

మీరు టీచరు. మీ చేతిలో ఎర్ర పెన్ను ఉంది. వాణ్ణి ఏఐ రాసిచ్చిన వ్యాసం తెమ్మనండి, అందులో తప్పులు పట్టమనండి. తప్పుకో రూపాయి ఇస్తానని చెప్పండి. మా అన్న కూతురితో ఈ ఆట ఆడి ఒక సాయంత్రంలో నలభై రూపాయలు పోగొట్టుకున్నాను.

మీ చెల్లెలి ఫోన్ సంగతి మాత్రం తేలిగ్గా తీసుకోకండి. మూడు సెకన్ల గొంతు వినిపిస్తే చాలు, అదే గొంతుతో ఏ మాటైనా పలికించే ప్రోగ్రామును 2023 జనవరిలోనే మైక్రోసాఫ్ట్ పరిశోధకులు చూపించారు. వాళ్ళబ్బాయి పెట్టుకున్న రీల్స్‌లో అంతకంటే ఎక్కువ గొంతే ఉంటుంది. కాబట్టి గొంతు గుర్తుపట్టడం ఇక సాక్ష్యం కాదు. ఎంత ఏడుస్తున్నా సరే, ఫోన్ పెట్టేసి, మన దగ్గర సేవ్ అయి ఉన్న నంబరుకు మనమే తిరిగి చెయ్యాలి. ఇంట్లోవాళ్ళకే తెలిసిన ఒక మాట అనుకుని పెట్టుకోండి. మా ఇంట్లో అది ఎప్పుడో చచ్చిపోయిన ఎనుము పేరు. పోలీసులమని వీడియో కాల్‌లో కూర్చోబెట్టే డిజిటల్ అరెస్ట్ అనేది మన చట్టంలో ఎక్కడా లేదు. డబ్బు పోతే ఆ గంటలోనే సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోన్ చెయ్యాలి. ఎంత ముందు చేస్తే ఆ డబ్బు ఇంకో ఖాతాకు దాటకుండా ఆపే అవకాశం అంత ఎక్కువ. సిగ్గుపడి రెండు రోజులు దాచిపెట్టుకున్నవాళ్ళే ఎక్కువ నష్టపోతున్నారు. మీ చెల్లెల్ని ఎవరూ తిట్టకుండా చూడండి, ముఖ్యంగా ఆ అబ్బాయి.

ఇక కొడుకు ఉద్యోగం. ఇక్కడ మీకు ధైర్యం చెప్పడం కోసం అబద్ధం చెప్పలేను. మా నాన్న కథ చెప్తాను.

1980ల్లో బ్యాంకుల్లోకి కంప్యూటర్లు వస్తున్నాయంటే యూనియన్లు గట్టిగా అడ్డుకున్నాయి. 1984లో రంగరాజన్ కమిటీ నివేదిక వచ్చాక బ్రాంచీల్లోకి ఏఎల్‌పీఎంలు వచ్చాయి, అంటే లెడ్జర్ పోస్టింగ్ మిషన్లు. "కంప్యూటర్ అంటే గొడవని మిషన్ అని పేరు పెట్టినారు" అంటారు మా నాన్న ఇప్పటికీ. జెండా పట్టుకుని ధర్నాలో కూర్చున్నవాళ్ళలో ఆయనా ఒకరు. తర్వాత ఏమైంది? కంప్యూటర్ వచ్చిన మర్నాడు ఎవరి ఉద్యోగమూ పోలేదు. బ్యాంకులు పెరిగాయి, పని పెరిగింది. అందుకే ఇప్పుడు ప్రతి ఏఐ సభలోనూ "అప్పుడూ ఇలాగే భయపడ్డారు, ఏమైంది?" అని ఈ కథను సగమే చెప్పి చప్పట్లు కొట్టించుకుంటారు. మిగతా సగం ఏమిటంటే, కొత్త క్లర్కుల్ని తీసుకోవడం తగ్గిపోయింది. 2000-01లో ప్రభుత్వ బ్యాంకుల్లో లక్ష మంది దాకా వీఆర్‌ఎస్, అంటే స్వచ్ఛంద పదవీ విరమణ, తీసుకుని వెళ్ళిపోయారు. మా నాన్న అందులో ఉన్నారు. అప్పటికి ఆయనకు యాభై ఒకటి. కాబట్టి ధర్నాలో కూర్చున్నవాళ్ళు మరీ అమాయకులేం కాదు. వాళ్ళకు పదిహేనేళ్ళ టైము దొరికింది, అంతే.

మీ అబ్బాయికి అంత టైము దొరక్కపోవచ్చు. టెస్టింగ్‌లో మామూలు టెస్ట్ కేసులు రాసే పని ఇప్పటికే సగం ప్రోగ్రాములు చేస్తున్నాయి, మా ఆఫీసులో కళ్ళారా చూస్తున్నాను. దెబ్బ ముందు పడేది ఆయన మీద కాదు, ఆయన కింద చేరాల్సిన ఫ్రెషర్ల మీద. 2025 జూలైలో టీసీఎస్ దాదాపు 12 వేల మందిని తీసేస్తానన్నప్పుడు అది ఏఐ వల్ల కాదని కంపెనీ పెద్దలు చెప్పారు. ఐటీ కుర్రాళ్ళుండే మారతహళ్ళి పీజీ హాస్టళ్ళలో ఆ మాట నమ్మినవాళ్ళు నాకు కనపడలేదు. మరోపక్క జోస్యాలు చెప్పేవాళ్ళనూ పూర్తిగా నమ్మకండి. ఏఐ రంగానికి పెద్దదిక్కులాంటి జెఫ్రీ హింటన్, 2024లో ఫిజిక్స్ నోబెల్ తీసుకున్నాయన, ఎక్స్‌రేలు, స్కాన్లు చూసి చెప్పే డాక్టర్లకు, అంటే రేడియాలజిస్టులకు, ఇక శిక్షణ ఇవ్వడం ఆపేయండి, అయిదేళ్ళలో మిషనే మెరుగ్గా చూస్తుంది అని 2016లో అన్నారు. ఆ అయిదేళ్ళు దాటి చాలా కాలమైంది, రేడియాలజిస్టులు దొరక్క ఆస్పత్రులు ఇంకా వెతుక్కుంటున్నాయి. మీ అబ్బాయి చేతిలో ఉన్నది ఒకటే. ప్రోగ్రాము రాసిన టెస్టు సరైందో కాదో తేల్చి సంతకం పెట్టే కుర్చీలోకి జరగడం. బ్యాంకింగో, ఆస్పత్రో, ఏదో ఒక రంగం లోతుపాతులు తెలిసుంటే ఆ కుర్చీ దొరుకుతుంది. ఊరికే టూల్స్ నేర్చుకుంటే దొరకదు.

ఇప్పుడు బరువైన దానికి వస్తాను. మీరు రాసిన సగం వాక్యం ఇది: "మనిషి దొరకడు."

మాది కాడుగోడి వైపు నాలుగు బ్లాకుల అపార్ట్‌మెంట్. రెండేళ్ళ క్రితం పనివాళ్ళ కోసం గేటు దగ్గర ముఖం చూసే మిషన్ పెట్టారు. మా ఇంట్లోనూ, ఇంకో మూడిళ్ళలోనూ వంట చేసే ఆవిడది కదిరి దగ్గర పల్లె. పొద్దున ఆరుంపావుకి వస్తుంది. డిసెంబర్ చలికి తల చుట్టూ చున్నీ, వెనక నుంచి గేటు లైటు ముఖం నల్లబడేలా పడుతుంటుంది. మిషన్‌లో నీలం రంగు వెలుగుతుంది, "ఫేస్ నాట్ మ్యాచ్డ్" అంటుంది. చున్నీ తీస్తుంది. మళ్ళీ అదే మాట. పక్కకు జరుగుతుంది, బొట్టు సర్దుకుంటుంది, నవ్వి చూస్తుంది. నవ్వితే పనిచేస్తుందని ఎవరో చెప్పారట. అస్సాం నుంచి వచ్చిన సెక్యూరిటీ కుర్రాడికి ఆమె రోజూ తెలిసిన మనిషే. కానీ మిషన్ ఒప్పుకుంటేనే గేటు తియ్యాలని వాడికి ఆర్డరు. ఇరవై ఐదు నిమిషాలకు లోపలికి వచ్చింది. యాప్‌లో ఆమె వచ్చిన టైము 6:41 అని పడింది. నెలాఖరున రెండిళ్ళవాళ్ళు "రోజూ లేటు" అని జీతం కోశారు. ఆమె నన్ను అడిగింది, "అన్నా, నేను గేటు బయటే నిల్చోనుంటి గదా, అది లేటు ఎట్లయితుంది?"

కమిటీ మీటింగుకు వెళ్ళాను. మిషన్ అమ్మిన కుర్రాడు తొంభై తొమ్మిదిన్నర శాతం కచ్చితం అన్నాడు. అందరూ తలలూపారు. మా దగ్గర రోజుకు ఎనిమిది వందల సార్లు ముఖాలు చూస్తుంది, అరశాతం అంటే రోజుకు నలుగురు అని నేనన్నాను. నలుగురేగా అన్నారు. అసలు సంగతి అక్కడే ఉంది. ఆ నలుగురూ రోజుకొకరు మారరు. అదే చీకట్లో వచ్చేవాళ్ళు, అదే రంగువాళ్ళు, ఎండకు కమిలిన ముఖాలవాళ్ళు, రోజూ వాళ్ళే ఆగిపోతారు. మిగతావాళ్ళకు అది వంద శాతం పనిచేసే మిషనే. కారులో వెళ్ళే మాకైతే ముఖం చూపించే పనే లేదు.

లోపల జరిగేదేమిటో రెండు ముక్కల్లో చెప్తాను. మీ ఫొటోను అది కొన్ని వందల అంకెలుగా మార్చి దాచుకుంటుంది. మీరు గేటు దగ్గర నిలబడ్డప్పుడు మళ్ళీ అంకెలు తీసి, రెండింటికీ ఎంత తేడా ఉందో చూస్తుంది. ఇంతలోపు తేడా ఉంటే అదే మనిషి, దాటితే కాదు అని ఒక గీత ఉంటుంది. గీత బిగిస్తే మనవాళ్ళూ ఆగిపోతారు, వదులు చేస్తే పరాయివాళ్ళూ దూరతారు. ఆ గీత మిషన్ గీసుకోలేదు. ఎక్కడో ఒక ఇంజనీరు, కొన్ని ఫొటోల మీద పరీక్షించి గీశాడు. ఏ ఫొటోలు అన్నదే ప్రశ్న. ముఖం చూసి ఆడో మగో చెప్పే మూడు పెద్ద కంపెనీల ప్రోగ్రాముల్ని 2018లో జాయ్ బువోలంవీనీ, టిమ్నిట్ గెబ్రూ అనే ఇద్దరు పరిశోధకులు పరీక్షించారు. తెల్లని మగవాళ్ళ విషయంలో తప్పు ఒక శాతం లోపే. నల్లని ఆడవాళ్ళ దగ్గరికి వచ్చేసరికి ఒక ప్రోగ్రాములో 34.7 శాతం దాకా వెళ్ళింది. ఆ తర్వాత చాలా మెరుగుపడ్డాయి, నిజమే. కానీ కదిరి పల్లె నుంచి వచ్చిన ఆవిడ ముఖం మీద, డిసెంబర్ ఆరుంపావు చీకట్లో, మా గేటు దగ్గర దాన్ని ఎవరూ పరీక్షించలేదు.

నేను ఇంత నిక్కచ్చిగా మాట్లాడుతున్నాను కదా, ఇప్పుడు నా సంగతి వినండి.

చన్నసంద్రలో రాయచోటివైపు మనిషి ఒకాయన టిఫిన్ సెంటర్ నడుపుతాడు. పక్క షట్టరు కూడా తీసుకుని పెద్ద గ్రైండర్ పెట్టుకుందామని మూడు లక్షల అప్పుకు ఫోన్లో ఒక యాప్‌లో దరఖాస్తు పెట్టాడు. నాలుగు సెకన్లలో కాదని వచ్చింది. ఆ స్క్రీన్ నాకు చూపించి అడిగాడు, "సార్, ఎవరు వద్దన్నారు?" ఎవరూ కాదు, సిస్టం అన్నాను. "సిస్టం అంటే ఎవరు సార్?" అన్నాడు. పేరు చెప్పను గానీ, ఆ యాప్ వెనక నడిచేది మా టీము తయారుచేసిన ప్రోగ్రామే అని అప్పుడు గుర్తించాను.

ఆయన చేత రాతపూర్వకంగా ఫిర్యాదు పెట్టించి, ఆ దారిలో కారణాలు తెప్పించాను. ఫోన్ నంబరు తీసుకుని ఎనిమిది నెలలే అయింది, ఒక పాయింటు పోయింది. రెండేళ్ళలో మూడు అడ్రసులు మారాడు, అక్కడ ఇంకా పోయాయి. రోడ్డు వెడల్పు చేస్తూ మొదటి బండి లేపేశారు, రెండో చోట ఓనరు అద్దె రెట్టింపు చేశాడు, అందుకు మారాడు. అప్పులు ఎగ్గొట్టేవాళ్ళూ ఇల్లు మారుస్తారు, సిమ్ మారుస్తారు, కాబట్టి ప్రోగ్రాముకు ఇద్దరూ ఒకేలా కనిపిస్తారు. ఆయన స్కోరు 612. గీత 620 దగ్గర. మూడు నెలల క్రితం దాకా ఆ గీత 600 దగ్గరే ఉండేది. వేరే ఊళ్ళో బాకీలు పెరిగాయని 620కి జరిపారు. జరిపిన మీటింగులో నేనూ ఉన్నాను. ఇరవై నిమిషాలు పట్టింది, మధ్యలో కాఫీలు కూడా వచ్చాయి.

"ఎవరు వద్దన్నారు?" అన్నదానికి నిజాయితీగా జవాబు చెప్పాలంటే, వద్దన్నవాళ్ళలో నేనూ ఒకణ్ణి. మిషన్ నిర్ణయించింది అని మా బోటివాళ్ళం చెప్పే మాట సగం అబద్ధం. అది ఒక అంకె ఇస్తుంది. గీత గీసేది మనుషులు. తర్వాత ఆ మనుషులు వరసగా అంకె వెనక దాక్కుంటారు. కస్టమర్ కేర్ అమ్మాయి సిస్టం అంటుంది, బ్రాంచి మేనేజరు హెడ్డాఫీసు అంటాడు, హెడ్డాఫీసు మోడల్ అంటుంది, అంటే మా ప్రోగ్రామే. మోడల్ మాట్లాడదు.

పాత మేనేజర్లు దేవుళ్ళని నేనేం అనడం లేదు. మా నాన్నే చెప్తారు, కులం చూసి ఇచ్చినవాళ్ళు, బ్రోకరు చెబితే ఇచ్చినవాళ్ళు, చెప్పులు వాకిట్లో విప్పించి నిలబెట్టినవాళ్ళు ఉండేవాళ్ళని. లెక్క ప్రకారం మా ప్రోగ్రాము వాళ్ళకంటే ఎక్కువ మంది కొత్తవాళ్ళకు అప్పులిచ్చింది, అందుకే ఈ పనిలో ఉన్నాను. కానీ ఆ మేనేజరుకు ఒక పేరుండేది, ఒక కుర్చీ ఉండేది. యూనియన్‌తో వెళ్ళి నిలదియ్యచ్చు, పై ఆఫీసుకు కార్డు ముక్క రాయచ్చు. కనీసం ఆయన బిడ్డ పెళ్ళిలో ఎదురుపడితే తల తిప్పుకోవచ్చు.

దీని దెబ్బ పెద్దెత్తున ఎలా ఉంటుందో మన పక్కనే చూశాం. తెలంగాణలో సమగ్ర వేదిక అని ఒక వ్యవస్థ ఉంది. కరెంటు కనెక్షన్లు, వాహనాల రిజిస్ట్రేషన్లు, ఇలా రకరకాల రికార్డుల్లో పేర్లను ఒకదానితో ఒకటి పోల్చి ఎవరు అనర్హులో చెబుతుంది. వెంకటేశ్వర్లు అన్న పేరును ఇంగ్లీషులో ఎన్ని రకాలుగా రాస్తామో మీరు హాజరు పట్టీల్లో చూసే ఉంటారు. ఇంటిపేరు ముందు ఒకచోట, వెనక ఒకచోట, పొడి అక్షరాలతో ఇంకోచోట. ఎవరిదో కారు ఇంకెవరి పేరు మీదో పడితే రేషన్ కార్డు పోతుంది. కారు నాది కాదని రుజువు చేసుకోవాల్సింది కార్డు పోయినవాళ్ళే. చివరికి 2022లో సుప్రీంకోర్టు, రద్దయిన దాదాపు 19 లక్షల కార్డుల్ని మనుషుల చేత మళ్ళీ పరిశీలన చేయించమని చెప్పాల్సి వచ్చింది. నెదర్లాండ్స్‌లో పిల్లల సంరక్షణ భత్యం విషయంలో ఇలాగే వేల కుటుంబాల మీద మోసగాళ్ళన్న ముద్ర పడితే, 2021 జనవరిలో ఏకంగా ప్రభుత్వమే రాజీనామా చేసింది.

యూరప్‌లో 2018 నుంచి అమల్లో ఉన్న చట్టం ప్రకారం, పూర్తిగా మిషనే తీసుకున్న పెద్ద నిర్ణయం మీద మనిషి చేత చూపించమని అడిగే హక్కు ఉంది. మన 2023 డేటా రక్షణ చట్టంలో మన వివరాలు సరిదిద్దించుకునే హక్కు ఉంది, తీయించేసుకునే హక్కు ఉంది, ఇది మాత్రం లేదు. నన్నడిగితే ఆ చట్టంలో అతి పెద్ద లోటు ఇదే. మా ఆఫీసులో ఈ మాటంటే వ్యాపారం నడవదంటారు.

అయినా చేతులు ముడుచుకు కూర్చోనక్కర్లేదు. అప్పు కాదన్నప్పుడు ముఖ్యమైన కారణం రాసివ్వాలని రిజర్వ్ బ్యాంకు బ్యాంకులకు ఎప్పుడో చెప్పింది. ఫోన్లో కాదు, రాతలో అడగండి. సిబిల్ లాంటి క్రెడిట్ సంస్థలు నాలుగున్నాయి, ఒక్కొక్కటీ ఏడాదికోసారి మీ పూర్తి రిపోర్టు ఉచితంగా ఇవ్వాలి. అందులో తప్పుంటే ఫిర్యాదు చేసిన 30 రోజుల్లో సరిచెయ్యాలి, దాటితే రోజుకు 100 రూపాయల చొప్పున మీకు పరిహారం రావాలి. బ్యాంకు 30 రోజుల్లో జవాబివ్వకపోయినా, ఇచ్చిన జవాబు నచ్చకపోయినా ఇలాంటి ఫిర్యాదులు వినే రిజర్వ్ బ్యాంకు అధికారి, అంబుడ్స్‌మన్, ఉన్నారు, 14448కి ఫోన్ చేస్తే దారి చెబుతారు. ఆ మాట్లాడే మిషన్‌తో మాత్రం వాదన పెట్టుకోకండి. ఈమెయిల్ పెట్టండి, ఫిర్యాదు నంబరు తీసుకోండి. నంబరు పడిందంటే దాన్ని మూసెయ్యడానికి ఎక్కడో ఒక మనిషి సంతకం పెట్టాలి, ఆ మనిషి దాకా వెళ్ళడమే మన పని. టిఫిన్ సెంటర్ ఆయన కూడా అలాగే వెళ్ళాడు. ఫీల్డ్ ఆఫీసరు వచ్చి గల్లా పెట్టె, పాల బిల్లులు, పొద్దుటి క్యూ చూసి వెళ్ళాడు. రెండు నెలలకు అప్పు వచ్చింది. ఇప్పుడు నా దగ్గర ఇడ్లీకి డబ్బు తీసుకోడు, ఎంత చెప్పినా వినడు. ఆ 620 సంగతి ఆయనకు నేనింకా చెప్పలేదు. అందుకే అటు వెళ్ళడం తగ్గించాను.

కాబట్టి ఈసారి ఇంట్లో "నీకు తెలీదులే అమ్మా" అంటే, ఏఐ మంచిదా చెడ్డదా అన్న వాదనలోకి దిగకండి, అందులో వాళ్ళే గెలుస్తారు. గేటు దగ్గర మిషన్ నన్ను గుర్తుపట్టకపోతే ఎవర్ని అడగాలి, ఆయన నంబరు ఇవ్వు అనండి. మీ అబ్బాయి దగ్గర ఆ నంబరు ఉండదు. కమిటీ దగ్గరా ఉండకపోవచ్చు. అప్పుడు మీ గుబులు ఏమిటో వాళ్ళకే అర్థమవుతుంది.

మా దగ్గర మూడు మీటింగులు పట్టింది. మిషన్ తియ్యరు, డబ్బు పెట్టి కొన్నారు కదా. చివరికి దాని పక్కన ఒక రూళ్ళ పుస్తకం, దారంతో కట్టిన పెన్ను పెట్టడానికి ఒప్పుకున్నారు. మిషన్ కాదన్నప్పుడు సెక్యూరిటీ మనిషిని చూసి పేరు, టైము రాసి లోపలికి పంపాలి. జీతానికి ఆ టైమే లెక్క. మా వంటావిడకు ఆ రెండిళ్ళవాళ్ళు కోసిన డబ్బు తిరిగి ఇచ్చారు, ఒకరు ముఖం ముడుచుకునే ఇచ్చారు. మొన్న ఆదివారం వాచ్‌మన్ కుర్రాడు మా ఇంటికి వచ్చాడు. పుస్తకం నిండిపోయింది, కొత్తది కావాలన్నాడు. రెండు వందల పేజీలది కొనిచ్చాను.